గోడవైపు తిప్పిన బిళ్లలు

పరికరాల గది కిటికీకి చువ్వలు లేవు. జనం మోచేతులు ఆనించీ ఆనించీ దాని చెక్క గట్టు నడిమధ్య నున్నగా పల్లం పడింది. ఆ పల్లానికి లోపలివైపు, ఎత్తుపీట మీద కూర్చునే ఆవిడను కర్మాగారంలో అందరూ బిళ్లలక్క అనేవారు. అసలు పేరు జీతాల పట్టికలో ఉండేది. అక్కడ తప్ప దానితో ఎవరికీ పని పడలేదు.

అది నీటి పంపుల గుల్లలు పోతపోసే కర్మాగారం. నాలుగు వందల పైచిలుకు మనుషులు. ఒక్కొక్కరికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్లలు ఐదేసి ఉండేవి. రెంచి కావాలన్నా, గ్రైండరు కావాలన్నా, పై పట్టాల మీద నడిచే క్రేను తాళంచెవి కావాలన్నా కిటికీ దగ్గర బిళ్ల ఇచ్చి తీసుకోవాలి. ఆ వస్తువు ఉండే మేకుకే బిళ్లను తగిలిస్తారు. ఏది ఎవరి చేతిలో ఉందో బోర్డు చూస్తే తెలిసిపోతుంది. ఇంతవరకూ కంపెనీ పెట్టిన పద్ధతి.

కంపెనీ పెట్టని పద్ధతి ఇంకొకటి ఉండేది. పొద్దున్నే వచ్చినవాడి నోట మందు వాసన కొడితే బిళ్లలక్క పల్లెత్తు మాట అనేది కాదు. బిళ్ల తీసుకుని, నంబరు కనబడకుండా గోడవైపుకు తిప్పి తగిలించేది. గ్రైండరో తాళంచెవో ఇవ్వాల్సిన చేత్తో ఒక తీగల బ్రష్షు అందించేది. ఆ రోజుకు అతని పని, చల్లారిన పోతలకు అంటుకున్న ఇసుక గీకడం. తిరిగే యంత్రం దగ్గరికి గానీ, వేలాడే బరువు కిందికి గానీ పోకూడదు. మేస్త్రీ బోర్డు వంక ఒక్క చూపు చూసి, తిరిగి ఉన్న బిళ్లలు ఎన్నో మనసులో అనుకుని, పనులు సర్దేవాడు. ఎందుకని అడిగేవాడు కాదు. జీతం కోత లేదు, పై అధికారికి చీటీ లేదు.

శిక్షంతా తోటివాళ్ల నోళ్లలోనే ఉండేది.

"ఏం బావా, ఇవాళ పంపులకు పళ్లు తోముతున్నావట?"

"నీకెందుకురా? కిందటి నెల నువ్వు తోమినవి ఇంకా తళతళలాడుతున్నాయి, పోయి చూసుకో."

ఒక నెలలో మూడోసారి బిళ్ల తిరిగితే మాత్రం యూనియన్ కార్యదర్శి ఆ మనిషి ఇంటికి వెళ్లేవాడు. కార్యదర్శి లేతు పనివాడు. చట్టం తప్ప మరో భాష రానట్టు మాట్లాడతాడని అతనికి లాయరు అని పేరు పెట్టారు. కంపెనీ అంటించిన ప్రతి నోటీసునూ నకలు రాసుకుని రేకుపెట్టెలో దాచేవాడు. ఆ పెట్టె ముందు అతని భార్య నగల పెట్టె చిన్నబోయేది.

మూడోసారి ఎప్పుడో తెలియాలి గనుక బిళ్లలక్క ఒక పొడుగు పుస్తకం పెట్టుకుంది. తేదీ, నంబరు, పక్కన బ్రష్షు అని ఒక్క మాట. పదకొండేళ్లలో మూడు వందల పన్నెండు వరసలయ్యాయి. ఆ పదకొండేళ్లలో తాగినవాడి చేతి కింద ఒక్క మనిషికి గోరు కూడా ఊడలేదు.

ఆ పుస్తకంలో మొదటి పేజీ మాత్రం వేరు.

పదకొండేళ్ల కిందట ఆమె ఇంట్లోనే ఉండేది. ఆమె భర్త క్రేను కింద కొక్కెం తగిలించే పనివాడు. ఒక పద్నాలుగో తేదీ ఉదయం, క్రేను పైకెత్తిన బరువైన ఇసుక అచ్చుపెట్టె నిలవాల్సిన చోట నిలవక జారి కిందికి వచ్చింది. అతనికి పక్కకు తప్పుకునే వ్యవధి దొరకలేదు. విచారణ సంఘం తొమ్మిది పేజీల నివేదిక ఇచ్చింది. తొమ్మిది పేజీల సారం ఐదు మాటలు: "ముందుగా ఊహించడానికి వీలులేని యాంత్రిక లోపం." ఊహించవలసినవారే విచారించారు గనుక అంతకంటే ఏమి తేలుతుంది? భార్యకు పరికరాల గదిలో ఉద్యోగం ఇచ్చి కంపెనీ చేతులు దులుపుకుంది.

ఆమె పనిలో చేరడానికి ముందురోజు క్రేను నడిపేవాడు ఆమె ఇంటికి వచ్చాడు. అతని బిళ్ల నంబరు నలభై ఒకటి. భర్తకు పెళ్లికి ముందునుంచీ స్నేహితుడు. ఆమె అతన్ని అన్నయ్యా అనేది. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప బయట మెట్టు మీద కూలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఆ పొద్దున నేను తాగి క్రేను ఎక్కాను. బ్రేకు కూడా బాగాలేదు. మూడుసార్లు రాసిచ్చాను, ఎవడూ పట్టించుకోలేదు. నా చెయ్యి ఆలస్యమైందో, బ్రేకే పట్టలేదో, నాకు తెలీదు. ఒట్టు, తెలీదు. పోలీసుల దగ్గరికి వెళ్లమంటే ఇట్నుంచి ఇటే వెళ్తాను."

ఇతను వెళ్లి చెబితే ఏమవుతుందో ఆమెకు అద్దంలో ముఖంలా కనబడింది. పాపమంతా సీసా మీదికి తోసేస్తారు; బ్రేకు సంగతి గాలికి పోతుంది; రేపు అదే క్రేను కింద ఇంకొకరి మొగుడు నిలబడతాడు.

"వెళ్లకండి," అంది. "రేపట్నుంచి తాళంచెవి నా చేతిలో ఉంటుంది."

అన్నయ్యా అన్న మాట ఆనాడు ఆమె నోటినుంచి రాలిపోయింది. ఆ తర్వాత అతన్ని పిలవాల్సి వస్తే నంబరుతోనే పిలిచింది. అతను మాత్రం చెల్లెమ్మా అనడం మానలేదు.

ఉద్యోగంలో చేరిన మొదటివారంలోనే, విడిభాగాలు కావాలని రాసుకునే చీటీల దొంతరలో ఆమెకు మూడు చీటీలు దొరికాయి. నలభై ఒకటి చేతిరాత, కొక్కిరిబిక్కిరి అక్షరాలు. "క్రేను బ్రేకు పట్టీ అరిగినది. వెంటనే మార్చవలెను." మూడు వేర్వేరు తేదీలు, మూడూ ఆ పద్నాలుగుకు ముందువే. మూడింటి నెత్తిన ఇంజనీరు ఎర్ర సిరా: "ఈ నెల ఉత్పత్తి పూర్తయ్యాక చూద్దాం." కింద సంతకం. ఆమె వాటిని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంటికి తెచ్చి బీరువాలో చీరల కింద దాచింది. కొత్త పుస్తకం మొదటి పేజీలో ఆ పద్నాలుగో తేదీ వేసి రాసింది: "నలభై ఒకటి. తాగి ఉన్నాడు. తాళం ఇచ్చారు. ఇవ్వకూడనిది." రాశాక భయమేసింది. చింపడానికి చెయ్యి రాలేదు. పిండి ఉడికించి, ఆ జిగురుతో పేజీని అట్టకు అంటించేసింది.

చీటీలు బయటపెడితే క్రేను నడిపినవాణ్ని అడుగుతారు. అడిగితే అతను అబద్ధమాడడు. పేజీ బయటపడితే చీటీలు చెల్లని కాగితాలైపోతాయి. రెండు నిజాలు ఒకదాని నోరు ఒకటి మూసుకుని పదకొండేళ్లు కాపురం చేశాయి.

మొదటి ఏడాది నలభై ఒకటి బిళ్ల నాలుగుసార్లు గోడవైపు తిరిగింది. నాలుగోసారి బ్రష్షు అందుకుంటూ అతను ఆమె ముఖం చూశాడు. ఆ తర్వాత పదేళ్లలో మళ్లీ తిరగలేదు. ఇప్పుడతనికి రిటైరు కావడానికి రెండేళ్లుంది. నెలకోసారి ఇంటికి వచ్చి, చనిపోయిన స్నేహితుడి తల్లికి కంటి మందు ఇచ్చి, మెట్టు మీదే కూర్చుని వెళ్లేవాడు. ఆ ముసలావిడకు చెవుడు. కావాలనుకున్నప్పుడు మాత్రం అవతలి వీధిలో మాటలు కూడా వినబడేవి.

ఇలా ఉండగా ప్రధాన కార్యాలయం నుంచి కొత్త విధానం వచ్చింది. మద్యం, మత్తు పదార్థాలు. గేటు దగ్గర ఊపిరి పరీక్ష యంత్రం. ఎప్పుడైనా ఎవరినైనా పిలిచి మూత్ర పరీక్ష. దొరికితే మొదటిసారే ఉద్యోగం పోతుంది. "ఏమాత్రం సహించబడదు" అని లావుపాటి అక్షరాల్లో ఉంది. రెండో అంశంలో సన్నటి అక్షరాల్లో, ఈ విధానం కార్మిక వర్గానికి మాత్రమే వర్తిస్తుందని కూడా ఉంది. అధికారుల నోళ్లు వాసన రావని అనుకోవాలి కాబోలు. కొలిమి దగ్గర పన్నెండేళ్లు నిలబడినవాడు నడుం నొప్పికి వేసుకునే మాత్ర కూడా ఆ నిషేధాల జాబితాలో చేరింది. ఆ నడుం ఎవరి పని వల్ల వంగిందో జాబితాలో లేదు.

యూనియన్ ఎదురు ప్రతిపాదన పెట్టింది. అందులో ప్రాణమంతా ఏడో అంశం. మొదటిసారీ రెండోసారీ దొరికితే చికిత్సకు సెలవు, ప్రమాదం లేని పని. ఏడాదిలో మూడోసారి అయితేనే చర్య. గేటుకు ముందే తనంతట తాను చెప్పుకున్నవాడికి శిక్ష లేదు. కంపెనీ నవ్వేసింది. అప్పుడు కార్యదర్శి కిటికీ దగ్గరికి వచ్చి పల్లంలో మోచేతులు ఆనించాడు.

"అక్కా, నీ పుస్తకం ఇవ్వు."

"అది కిటికీ దాటదు."

"మొత్తాలే చెప్తాను, నంబర్లు చెప్పను. మూడొందల పన్నెండుసార్లు తాగొచ్చారు, ఒక్కడికీ దెబ్బ తగల్లేదు. ఇలాంటి రికార్డు ఏ కంపెనీకుంది చెప్పు? వాళ్ల మిషనుకు ఈలెయ్యడం ఒక్కటే వచ్చు. మనకు పద్ధతుంది."

"పద్ధతుందని చెప్పుకుంటే ఆ పద్ధతే పోతుందేమో తమ్ముడూ."

"నోటిమాటకు వాళ్ల దగ్గర విలువేముందక్కా? వాళ్లకు కాగితం కావాలి. మన దగ్గర కాగితముంది. తాగుడు మానలేని ముప్ఫైమంది ఉద్యోగాలు దీనిమీద ఉన్నాయి. నా మాట నమ్ము."

నమ్మింది. అంటించిన పేజీ సంగతి చెప్పలేదు. అట్టలో కలిసిపోయి ఉందని తనకు తానే చెప్పుకుంది.

చర్చల గదిలో కార్యదర్శి మొత్తాలు చదివాడు. గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు. కంపెనీ తరఫున కూర్చున్న పర్సనెల్ మేనేజరు ముప్ఫై దాటని మనిషి, మాట మెత్తన. శ్రద్ధగా రాసుకుని, కలం మూసి అడిగాడు:

"ఇది మీరు ఆధారంగా చూపిస్తున్న పత్రమేనా?"

"ముమ్మాటికీ."

"అయితే చర్చల నియమావళి పదమూడో అంశం ప్రకారం మూలప్రతి మాకు పరిశీలనకు ఇవ్వాలి కదండీ."

ఆ పదమూడో అంశం రాసింది కార్యదర్శే. కంపెనీ తన రికార్డులు దాచకుండా ఉండాలని నాలుగేళ్ల కిందట నెల రోజులు పోరాడి, గెలిచి, చేర్పించుకున్నాడు. తాను తవ్విన కాలువలో తన పొలమే మునుగుతుందని అతనికి ఆ క్షణాన తట్టలేదు. తాను రాసిన అంశాన్ని ఎదుటివాడు గౌరవిస్తున్నాడని కాస్త మురిసిపోయాడు కూడా. పుస్తకం ఇచ్చాడు. రసీదు తీసుకుని రేకుపెట్టెలో భద్రంగా పెట్టుకున్నాడు.

అవి ముసురు రోజులు. మూడు వారాలు ఆ పుస్తకం ఆఫీసు ఇనప బీరువాలో చెమ్మలో ఉంది. పరికరాల గది పొడిలో పదకొండేళ్లు పట్టుకున్న పిండి జిగురు చెమ్మలో మూడు వారాలు పట్టుకోలేదు.

మళ్లీ పిలిచినప్పుడు కార్యదర్శినీ బిళ్లలక్కనూ ఇద్దరినే రమ్మన్నారు. గాజు బల్ల, చలి గది. మేనేజరు పుస్తకం తెరిచి మొదటి పేజీ ఆమె వైపు తిప్పాడు.

"ఇది మీ చేతిరాతేనా మేడమ్?"

"నాదే," అంది.

"ఈ తేదీ మీవారు పోయిన తేదీ. క్రేను నడిపింది నలభై ఒకటి. తాగి ఉన్నాడని మీకు తెలుసు. పదకొండేళ్లు దాచారు." గొంతు పెంచలేదు. "చూడండి, ఇది బయటికి పోవాలని నాకేం సరదా లేదు. కానీ మీరు ఏడో అంశం పట్టుబడితే, ఈ పుస్తకమంతా రికార్డులోకి వస్తుంది. పుస్తకమంతా అంటే ఇది కూడా. తర్వాత అది పోలీసుల చేతిలో పని. అతనికి కేసు. మీకు, నిజం దాచి ఉద్యోగం పొందారని విచారణ. ఏడో అంశం వదిలేస్తే, పుస్తకాన్ని మీరు వెనక్కి తీసుకున్నట్టు రాసుకుందాం. సోమవారం దాకా ఆలోచించుకోండి."

మెట్లు దిగుతూ కార్యదర్శి సగంలోనే ఆగాడు.

"నాకొక్క మాట చెప్పలేదేంటక్కా?"

"నువ్వు మొత్తాలే అన్నావు కదయ్యా."

అతను మెట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. "ఏడో అంశం పోతే ముప్ఫైమంది పోతారు. వదలకపోతే నలభై ఒకటి జైలుకు పోతాడు, నువ్వు ఇంటికి పోతావు. చెట్టంత మనిషినని ఊరంతా తిరుగుతున్నాను, నా చేత్తో నేనే గోడ కూల్చాను."

ఆమె అతన్ని ఓదార్చలేదు, తిట్టనూ లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో బీరువా తెరిచి ఆ కవరు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అత్తగారు మంచం మీదనుంచి చూస్తూనే ఉంది.

"ఏంటే అది? ఆ చీటీలేనా?"

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"నువ్వు ఇంట్లో లేనప్పుడు నీ చీరలు మడతపెట్టేదెవరు, మీ మామగారొచ్చి పెడుతున్నారా?" ముసలావిడ లేచి కూర్చుంది. "వాడు ఆ రోజు తాగున్నాడని కూడా తెలుసు."

కోడలు కవరును ఒళ్లో బోర్లించింది.

"గడప ముందు కూర్చుని గొడ్డులా ఏడ్చాడు. నా చెవుడు అంత చెవుడనుకున్నావా? నెలనెలా వాడు కంటి మందు తెస్తే ఎందుకు తీసుకుంటున్నాననుకున్నావు? వాడు వచ్చి ఆ మెట్టు మీద కూర్చోవాలి. రాకుండా పోయే హక్కు వాడికి లేదు. జైల్లో పడితే ఎలా వస్తాడు?" మళ్లీ అంది: "నా కొడుకును ఇద్దరు చంపారే. ఒకడు పదకొండేళ్లుగా ఏడుస్తున్నాడు. ఎర్ర సిరావాడు ఒక్కరోజన్నా ఏడ్చాడా, కనుక్కుని రా."

సోమవారం బిళ్లలక్క కవరుతో వెళ్లింది. మూడు చీటీలూ గాజు బల్ల మీద వరసగా పరిచి, చెయ్యి వాటి అంచు మీదే ఉంచింది.

"ఇవి కూడా రికార్డులో పెట్టండి బాబూ. ఏడో అంశంతో పాటే."

మేనేజరు చదివాడు. రెండోసారి చదివాడు. మెత్తటి ముఖం గట్టిపడింది. ఎర్ర సిరా పెట్టిన ఇంజనీరు ఇప్పుడు ప్రధాన కార్యాలయంలో నాలుగో అంతస్తులో కూర్చుంటున్నాడు. ఈ కొత్త విధానం కింద ఉన్నదీ ఆ సంతకమే. ఆ చుట్టు, ఆ గీత, మారలేదు.

"ఇవి అసలువేనా?"

"ఆ సంతకం చేసినాయన్నే అడగండి."

అతను బయటికి వెళ్లి నలభై నిమిషాలు ఫోనులో మాట్లాడాడు. తిరిగి వచ్చి, నిలబడే చెప్పాడు. మొదటిసారి దొరికినవాడికి ఇరవై ఎనిమిది రోజుల చికిత్స, ఉద్యోగం ఉంటుంది. రెండోసారి ఉండదు. గేటుకు ముందే చెప్పుకుంటే శిక్ష లేదన్న మాట తీసేశారు. పరికరాల గదిలో బిళ్లలు తిప్పే ఆచారం "నేరాన్ని కప్పిపుచ్చడం" కిందికి వస్తుంది, ఇకపై నిషేధం. చీటీలు, పేజీ, పుస్తకం, అన్నీ ఇరుపక్షాల ఎదుట నాశనం చేయాలి.

"పుస్తకమెందుకు?" అన్నాడు కార్యదర్శి.

"అన్నీ అన్నారండి."

కార్యదర్శి ఆమె వైపు చూశాడు. ముప్ఫైమందికి ఒక్కొక్క అవకాశం మిగులుతుంది. ఒక్కటే, కానీ మిగులుతుంది. నలభై ఒకటి బయట ఉంటాడు. ఆమె చెయ్యి చీటీల అంచు మీదనుంచి కదలడానికి చాలాసేపు పట్టింది.

కాగితాలు నమిలే యంత్రం మూలన ఉంది. ముందు చీటీలు వెళ్లాయి. ఒకటి, రెండు, మూడు. తర్వాత పేజీ. పుస్తకం మందంగా ఉందని నాలుగేసి కాగితాలు చింపి పెట్టారు. మూడు వందల పన్నెండు వరసలు పోవడానికి పావుగంట పట్టింది. ఆమె భర్త ఎలా పోయాడో చెప్పే కాగితం ఇక ప్రపంచంలో ఒక్కటే మిగిలింది: "ముందుగా ఊహించడానికి వీలులేని యాంత్రిక లోపం."

జరిగిందంతా నలభై ఒకటికి కార్యదర్శి చెప్పాడు. మధ్యాహ్నం అతను కిటికీ దగ్గరికి వచ్చాడు. కృతజ్ఞత చెబుతాడని ఆమె అనుకుంది. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది.

"పేజీ పోతే పోయింది చెల్లెమ్మా. చీటీలు ఎందుకిచ్చావు?"

ఆమెకు అర్థం కాలేదు.

"మూడుసార్లు రాశానని ఒక్క కాగితం మీద ఉండేది. అది ఎక్కడో మీ ఇంట్లో ఉందని తెలుసు నాకు, మీ అత్తగారు చెప్పారు. దాన్ని తలుచుకునే పదేళ్లు మానేసి ఉన్నాను. బ్రేకు బాగాలేదన్న మాట నిజమేనా, లేక నన్ను నేను మభ్యపెట్టుకోవడానికి అల్లుకున్నానా అని అనుమానం వచ్చినప్పుడల్లా, ఉంది కదా అనుకునేవాణ్ని. నన్ను కేసులో పెట్టినా బాగుండేది. అక్కడైనా ఆ చీటీలు చదివేవారు."

"మీరు జైల్లో పడతారనే కదా నేను..."

"తెలుసు. తెలుసు చెల్లెమ్మా. నిన్ననట్లేదు." జేబులోంచి తన ఐదు బిళ్లలు తీసి పల్లంలో పెట్టాడు. ఆ వారమే అందరి బిళ్లలూ వెనక్కి తీసుకుని ప్లాస్టిక్ కార్డులు ఇస్తున్నారు.

యంత్రం గేటుకు వచ్చింది. పొద్దున్నే బారులు తీరి నిలబడి ఊదారు. తాగివచ్చేవాళ్లు ఆ రోజుకు రావడమే మానేశారు; కొందరు కొత్త విద్య నేర్చారు. పొద్దున పచ్చదీపం వెలిగించుకుని లోపలికి వచ్చి, పదింటికి మరుగుదొడ్డి వెనక తాగేవారు. ఇప్పుడు వాసన చూసే కిటికీ లేదు. కార్డు గీస్తే గ్రైండరు దానంతటదే బయటికి వస్తుంది. రెండో నెలలో, గేటు దగ్గర పచ్చదీపం వచ్చిన మనిషికి పదకొండున్నరకు కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. కంపెనీ నివేదికలో "పరీక్షలో ఉత్తీర్ణుడైన కార్మికుని అజాగ్రత్త" అని రాశారు. కార్యదర్శి దానికి నకలు రాసుకున్నాడు గానీ పెట్టెలో పెట్టలేదు, చించి పారేశాడు. అతను ఒక కాగితాన్ని చించడం అతని భార్య అదే మొదటిసారి చూడటం.

మరుసటి వారంలో ఒక ఉదయం గేటు దగ్గర ఎర్రదీపం వెలిగి ఈల మోగింది. వరస ముందున్నది నలభై ఒకటి. కావలివాడు ఇంకోసారి ఊదమన్నాడు.

"అక్కర్లేదులే," అన్నాడతను. "అది బాగానే పనిచేస్తోంది."

ఏడో అంశం కింద నిండిన మొదటి దరఖాస్తు అతనిదే. ఇరవై ఎనిమిది రోజులు. తిరిగి వచ్చాక క్రేను ఎక్కకూడదు. ఇంకొకసారి దొరికితే రిటైరుమెంటు ముందే బయటికి.

చికిత్సాలయానికి వెళ్లే బస్సు తొమ్మిదిన్నరకు. బిళ్లలక్క సెలవు పెట్టి బస్సు స్టాండుకు వచ్చింది. అతను సిమెంటు బెంచీ మీద, కాళ్ల మధ్య సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది. ఆమె పక్కన కూర్చుని మడిచిన రెండు కాగితాలు చేతికిచ్చింది.

మొదటిదానిలో మూడు చీటీలూ ఉన్నాయి. తేదీలు, మాటలు, పైన ఎర్ర సిరావాడు రాసిన వాక్యం, ఉన్నదున్నట్టు. పదకొండేళ్లు చదివి చదివి కంఠతా వచ్చినవి. రెండోదానిలో పుస్తకంలోని మొదటి పేజీ. అది కూడా ఉన్నదున్నట్టే. దాన్ని వదిలేయాలని ఆమెకు అనిపించకపోలేదు. ఒకటి లేకుండా రెండోది రాస్తే దాన్ని నలభై ఒకటి కూడా నమ్మడని తెలుసు.

"ఇది ఎక్కడా చెల్లదు," అంది. "సంతకం లేదు, ముద్ర లేదు. నేను చదివింది నేను రాశాను, అంతే. అత్తయ్య కూడా చూసి సరిగ్గానే ఉందన్నారు. ఇరవై తొమ్మిదో రోజున మెట్టు మీదికి రావాలని చెప్పమన్నారు."

అతను జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. కాగితం మోకాలి మీద ఆనించాడు. వేలు పెట్టి ఒక్కొక్క తేదీ చదివాడు. బస్సు వచ్చి నిలబడింది, జనం ఎక్కుతున్నారు. అతను లేవలేదు.

"ఈ రెండోది మంగళవారం ఇచ్చాను కదూ?"

"కాదు అన్నయ్యా, బుధవారం. ఆ రోజు వాన. కాగితం మీద చుక్క పడింది."

అతను ఆ చోట చుక్క కోసం చూశాడు. కొత్త కాగితం మీద అది లేదు. కండక్టరు ఎక్కుతారా లేదా అని అరిచాడు. అతను కాగితాలు మడిచి కళ్లద్దాల పెట్టెలో పెట్టుకుని, సంచీ తీసుకుని ఎక్కాడు.